జాతివివక్ష పాఠం ప్యానెల్ మీద, ట్యాబుల మీద ఎట్లా చెప్పాలి? (9వ తరగతి సోషల్)

పత్తికొండ_సోషల్_టీచర్:

నమస్తే అందరికీ. కర్నూలు జిల్లాలో, పత్తికొండ వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. తొమ్మిదో తరగతిలో రాజ్యాంగం పాఠం దక్షిణాఫ్రికాతో మొదలవుతుంది కదా, దాని గురించే ఈ ప్రశ్న.

ఏటా జరిగేది ఇదీ: పేరా చదివిస్తాం, మండేలా ఫొటో చూపిస్తాం, ప్రశ్నలు జవాబులు రాయిస్తాం. పిల్లలు బాగానే రాస్తారు, మార్కులకు లోటు లేదు. తర్వాత ఎప్పుడైనా కదిలిస్తే మాత్రం "యాడో చెడ్డ తెల్లోళ్ళు ఉండిరి మేడం, మండేలా వచ్చి తరిమేసినాడు" అంటారు. అంతే మిగిలింది. బడికి పోయే టీచరు, బస్సు నడిపే డ్రైవరు, ఆఫీసులో రిజిస్టరు రాసే గుమాస్తా, వీళ్ళంతా రోజూ టిఫిన్ తిని డ్యూటీకి వెళ్ళి ఆ వివక్షను నడిపించారన్న సంగతి వాళ్ళకు తట్టడం లేదు. 1948 నుంచి 1990ల దాకా ఒక దేశం మొత్తం అట్లా నడవాలంటే ఒకరిద్దరు చెడ్డవాళ్ళు సరిపోరు కదా.

ఈసారి అమెరికాను కూడా కలిపి నాలుగైదు పీరియడ్లు పెట్టుకుందామనుకుంటున్నాను. క్లాసులో ప్యానెల్ (బోర్డులాంటి పెద్ద టచ్ స్క్రీన్) ఉంది. ట్యాబులు కొందరివి పనిచేస్తున్నాయి, కొందరివి స్క్రీన్ పగిలి ఇంట్లో పడున్నాయి. నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే. అమ్మానాన్నలతో సుగ్గికి (కూలి పనుల వలసకు) గుంటూరు వైపు పోయొచ్చే పిల్లలు మధ్యలో కలుస్తుంటారు. వాళ్ళకు వెనకటి పాఠం తెలీదు. కాబట్టి ఏ రోజు పని ఆ రోజుకు పూర్తయ్యేలా ఉండాలి.

ఒక శిక్షణలో రెండు సలహాలు ఇచ్చారు. క్లాసును చీల్చి సగం మందిని తెల్లవాళ్ళు, సగం మందిని నల్లవాళ్ళు చేసి ట్యాబులో ఆట ఆడించమన్నారు. నల్లవాళ్ళ జట్టుకు కొన్ని బటన్లు పనిచేయవన్నమాట. ఇంకోటి, ఏఐ యాప్‌లో, అమెరికాలో బస్సు సీటు వదలనన్న నల్లజాతి మహిళ రోసా పార్క్స్‌తో "మాట్లాడించడం". రెండూ హుషారుగానే ఉన్నాయి. నాకెందుకో మనసు ఒప్పడం లేదు.

అసలు టెన్షన్ వేరే ఉంది. మా ఊళ్ళో ఎవరు ఏ వీధి నుంచి వస్తారో క్లాసులో అందరికీ తెలుసు. మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరూ చెప్పకుండానే ఎవరి గుంపు వాళ్ళదే. నేను "వేరుగా కూర్చోబెట్టేవాళ్ళు" అని చెప్తుండగా తలలన్నీ ఒక బెంచీ వైపు తిరిగితే ఆ పిల్లల పరిస్థితి ఏంటి? అట్లని మన సంగతి ఎత్తకుండా అమెరికాను తిట్టి ఊరుకుంటే అది సగం పాఠమే. చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గుంతకల్లు_రిటైర్డ్_హెచ్‌ఎం:

మేడం, ఆట వద్దు. ముందు ఈ మాట గట్టిగా చెప్పి తర్వాత మిగతాది.

1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన మరుసటి రోజు, అయోవా రాష్ట్రంలో రైస్‌విల్ అనే చిన్న ఊళ్ళో జేన్ ఇలియట్ అనే టీచరమ్మ తన మూడో తరగతి పిల్లలను కళ్ళ రంగును బట్టి విడదీసింది. ఒక రోజు ఒక రంగు వాళ్ళు గొప్ప, ఇంకో రోజు ఇంకో రంగు వాళ్ళు గొప్ప. ఇట్లాంటి ఆటలన్నిటికీ పెద్దక్క అదే. అది మంచిదా చెడ్డదా అని అమెరికాలోనే వాదులాడుకున్నారు. ఒకటి గమనించండి, అక్కడ క్లాసంతా తెల్లపిల్లలే. కళ్ళ రంగుకు ఆ ఊళ్ళో ఏ అర్థమూ లేదు. మన క్లాసులో "మీరు పైన, మీరు కింద" అన్నామంటే అది బెల్లు కొట్టినా ఆగదు, వీధిలోకి వెంట వస్తుంది.

ఏఐ పార్క్స్ కూడా నాకు ఇష్టం లేదు. ఆమె అనని మాటలను ఆమె మాటలని పిల్లలు నమ్ముతారు. ఆమె చేత్తో రాసుకున్న కాగితాలు, ఉత్తరాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టారు, ఎవరైనా చూడొచ్చు. అసలు ఉండగా నకలెందుకు?

సర్వీసులో ఉన్నప్పుడు ఈ పాఠానికి నేను పట్టుకున్న దారి ఒక్కటే, కాగితం. వివక్ష ఏ కాగితం మీద ఉందో దాన్ని పిల్లల ముందు పెట్టడం. టికెట్టు, ఫారం, పటం, బోర్డు, కోర్టు దాఖలా. కాగితం చూపిస్తే దాన్ని రాసిన గుమాస్తా కనపడతాడు. మీరు వెతుకుతున్నది ఆయన్నే కదా.

మొదట బస్సు పటం. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ అనే ఊరి బస్సుల కేసులో కోర్టుకు ఇచ్చిన సీట్ల పటం అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉంది. ఊరు, పేరు చెప్పకుండా ప్యానెల్ మీద పెద్దగా పెట్టండి. "బస్సు మేడం" అంటారు. అప్పుడు ప్యానెల్ పెన్నుతో రంగులు వేయించండి. ఆ రోజుల్లో ఆ బస్సులో 36 సీట్లు. ముందు 10 తెల్లవాళ్ళవి, ఖాళీగా ఉన్నా నల్లవాళ్ళు నిలబడాల్సిందే. వెనక భాగం నల్లవాళ్ళది. మధ్య వరసల్లో నల్లవాళ్ళు కూర్చోవచ్చు గానీ ముందు నిండితే డ్రైవరు లేవమంటాడు. 1955 డిసెంబర్ 1 సాయంత్రం జరిగింది అదే. ఒక తెల్లాయన నిలబడి ఉన్నాడు. మధ్యలో ఒక వరసలో నలుగురు నల్లవాళ్ళు ఉన్నారు. డ్రైవరు నలుగురినీ లేవమన్నాడు. ముగ్గురు లేచారు, రోసా పార్క్స్ లేవలేదు, ఆమెను అరెస్టు చేశారు.

ఇక్కడ ఆపండి. ఒక్కడు కూర్చోడానికి నలుగురు ఎందుకు లేవాలి? జవాబు మీరు చెప్పొద్దు, వాళ్ళే పట్టుకుంటారు. సీట్లు చాలక కాదు, ఒకే వరసలో కూర్చోవడమే కూడదు. ఈ ఒక్క ప్రశ్నకు సగం పీరియడ్ పోయినా పోనీండి.

తర్వాత వయసులు చెప్పండి. రోసా పార్క్స్ అనగానే కాళ్ళు నొప్పి పుట్టిన ముసలమ్మ అనుకుంటారు చాలామంది. అప్పటికి ఆమెకు 42 ఏళ్ళు, ఆ ఊళ్ళో నల్లజాతి హక్కుల సంఘానికి కార్యదర్శి. ఆమె కంటే ముందే, అదే ఏడాది మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే అమ్మాయి లేవనందుకు పోలీసులు పట్టుకుపోయారు. ఆ పిల్లకు 15 ఏళ్ళు, మీ క్లాసు ఈడు. బస్సుల్లో ఈ పద్ధతిని కొట్టేయించిన కేసులో తర్వాత ఆ అమ్మాయి కూడా ఒక వాది. పార్క్స్ అరెస్టు తర్వాత నిరసనగా 381 రోజులు నల్లవాళ్ళు బస్సెక్కలేదు. టికెట్టు 10 సెంట్లు. రానూపోనూ లెక్కేస్తే ఒక్కో మనిషి మీద కంపెనీకి 76 డాలర్లు పోయినట్టు. వేల మందికి ఎంతవుతుందో ట్యాబులో వాళ్ళనే గుణించుకోమనండి.

ఇక రైలు. మాది రైల్వే ఊరు కాబట్టి నాకు ఇదే ముద్దు. 1892 జూన్ 7న న్యూఆర్లీన్స్‌లో హోమర్ ప్లెస్సీ ఫస్ట్ క్లాస్ టికెట్టు కొని తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చుంటే అరెస్టు చేశారు. సరిగ్గా ఏడాదికి, 1893 జూన్ 7 రాత్రి, దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో గాంధీని దించేశారు. ఆయన చేతిలోనూ ఫస్ట్ క్లాస్ టికెట్టే. ప్లెస్సీలో నల్లజాతి రక్తం ఎనిమిదింట ఒక వంతు, చూస్తే ఎవరూ పోల్చలేరు. తెల్లవాళ్ళకు, నల్లవాళ్ళకు వేరు వేరు పెట్టెలు ఉండాలన్న చట్టాన్ని కోర్టుకు లాగాలని ఒక కమిటీ ముందే అంతా మాట్లాడుకుని ఆయన్ను ఎక్కించింది. రైల్వే కంపెనీకి కూడా ఆ చట్టం నచ్చలేదు. ఎందుకంటారా, వేరే పెట్టె తగిలించాలంటే ఖర్చు! అయినా 1896లో సుప్రీంకోర్టు "వేరుగా ఉన్నా సమానమే" అనేసింది. ఏడుగురు జడ్జీలు అవునన్నారు, హార్లన్ అనే జడ్జి ఒక్కడే కాదన్నాడు. స్కూళ్ళలో ఆ పద్ధతి చెల్లదని అదే కోర్టు చెప్పేసరికి 1954 వచ్చింది. రెండు రైళ్ళనూ ప్యానెల్ మీద పక్కపక్కన పెట్టి, ఏది ఒకటి, ఏది వేరు అని పిల్లలతో రాయించండి.

మీ అసలు టెన్షన్ గురించి తర్వాత రాస్తాను, ఇక్కడ కరెంటు వచ్చిపోతోంది.

ప్రొద్దుటూరు_కంప్యూటర్_సార్:

హెచ్‌ఎం సార్ కాగితం మాటతో నేనూ ఏకీభవిస్తాను. మాది ప్రైవేటు స్కూలు, నెట్ ఉంటుంది కాబట్టి పటాలు ఎక్కువ వాడతాను.

రిచ్‌మండ్ యూనివర్సిటీ వాళ్ళది మ్యాపింగ్ ఇనీక్వాలిటీ అని ఒక సైట్ ఉంది. 1930ల్లో ఇంటి అప్పుల వ్యవహారం చూసిన అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి రెండు వందలకు పైగా నగరాలకు రంగుల పటాలు వేయించింది. ఆకుపచ్చ అంటే మంచి ఏరియా, తర్వాత నీలం, పసుపు. ఎరుపు అంటే అక్కడ అప్పివ్వడం ప్రమాదం. నల్లవాళ్ళు ఉండే వాడలకు దాదాపు ఎక్కడైనా ఎరుపే. మన వైపు ప్రతి క్లాసులో ఎవరో ఒకరి మామో చిన్నాన్నో అక్కడ ఉంటారు కదా, మా వాళ్ళు అట్లాంటా తెరవమన్నారు. ఎర్ర ముక్క మీద నొక్కితే అప్పటి సర్వే ఫారం వస్తుంది. ఇళ్ళ వయసు ఎంత, అద్దె ఎంత అనే గళ్ళ మధ్యలోనే నల్లవాళ్ళు ఎంత శాతం అని ఒక గడి, ఏ రకం వాళ్ళు "చొరబడుతున్నారు" అని ఇంకో గడి. రాసినాయన ఎవర్నీ తిట్టలేదు, ఫారం నింపి సంతకం పెట్టాడంతే. మేడం అడిగిన గుమాస్తా ఇక్కడ బాగా దొరుకుతాడు. (ఈ పటాల వల్లే అంతా జరిగిందని మాత్రం చెప్పకండి. ఇల్లు నల్లవాళ్ళకు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకున్నవాళ్ళు అంతకు ముందు నుంచీ ఉన్నారు.)

ఇంకోటి గ్రీన్ బుక్. న్యూయార్క్ హార్లెంలో విక్టర్ గ్రీన్ అనే పోస్ట్‌మాన్ 1936లో మొదలుపెట్టాడు. నల్లవాళ్ళు కార్లో ఊరెళ్తే ఏ హోటల్లో రానిస్తారు, ఎక్కడ తినొచ్చు అని ఊరూరా జాబితా. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ళు ఆ సంచికలు స్కాన్ చేసి పెట్టారు. నేను పిల్లలకు రెండు ఊర్లు ఇచ్చి, రాత్రి పడుకునే చోటు ఆ పుస్తకంలోంచే తీసుకుని ప్రయాణం రాయమంటాను. కొన్ని ఊర్లకు ఒక్క హోటలూ ఉండదు. అప్పుడు ఏం చేస్తారు? కార్లోనే పడుకుంటామని ఒకడు, ఆగకుండా పోతామని ఒకడు. "పెట్రోలు ఎవరు పోస్తారు సార్" అని ఒక పిల్ల అడిగింది. పేజీలు తిప్పితే నిజంగానే పెట్రోలు బంకులు, మెకానిక్ షెడ్లు, మంగలి షాపులు కూడా ఉన్నాయి. ఇది ఆటలాగే ఉంటుంది గానీ ఎవరూ ఎవరినీ తక్కువ చేయనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో ఈ విషయం మీద ఏఐతో చేసిన నలుపు తెలుపు ఫొటోలు తిరుగుతున్నాయి. ఫొటో తీసిందెవరు, ఏ ఊరు, ఏ నెల అన్నవి చూపించలేకపోతే క్లాసులోకి రానివ్వను. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో రసెల్ లీ 1939 జూలైలో ఓక్లహోమా సిటీ ట్రామ్ స్టేషన్లో తీసిన ఫొటో ఒకటి చాలు. ఒకాయన నీళ్ళు తాగుతుంటాడు, ఆ నీళ్ళ డబ్బా మీద, గోడ మీద రంగు పేరుతో బోర్డులు. ముందు బోర్డును నల్ల డబ్బాతో మూసేసి మనిషిని మాత్రం చూపించండి. తర్వాత తీయండి. ఫొటో కింద శీర్షికలో ఆనాటి పాత మాట ఉంటుంది, దాన్ని పిల్లలతో గట్టిగా చదివించకండి.

పత్తికొండ_సోషల్_టీచర్:

ఇద్దరికీ థాంక్స్ సార్. బస్సు పటం పెట్టేశాను. నలుగురు ఎందుకు లేవాలి అన్న దగ్గర క్లాసు బాగా వేడెక్కింది. సుగ్గి నుంచి వచ్చిన పిల్లాడు ఒకడు, ఎప్పుడూ నోరు తెరవడు, "పక్కన కూసుంటే మైల అనుకుంటిరేమో" అన్నాడు. నేనేమీ కలపలేదు, బోర్డు మీద రాసి ఊరుకున్నాను.

తర్వాత ఒక అమ్మాయి అడిగింది: "మన ఆర్టీసీ బస్సులో ముందర స్త్రీలకు అని రాసిన సీట్లు ఉంటాయి కదా మేడం, అదీ ఇట్లాంటిదేనా?" మగపిల్లలు అవకాశం దొరికిందని "అవును మేడం, మమ్మల్ని లేపుతారు" అని ఒకటే గోల. రేపు మాట్లాడదామని చెప్పి పంపించాను. మంచి ప్రశ్న. దీనికి జవాబు ఒక్క ముక్కలో తేలదు. ఎట్లా నడిపించాలి?

కడప_మెడికల్_షాపు:

అక్కా, నేను టీచరును కాదు, మా పాప తొమ్మిదిలో ఉంది కాబట్టి చదువుతున్నా. అందరూ కాగితం కాగితం అంటున్నారు. మా నాయన వాళ్ళ పల్లెలో టీ హోటలు చూరులో వేరే గ్లాసులు పెట్టి ఉండేవి. తాగినోళ్ళే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాల. దానికి బోర్డు లేదు, ఫారం లేదు, కోర్టు పటం లేదు. మీ ప్యానెల్ మీద ఏం చూపిస్తారు? కాగితం ఉన్నోళ్ళ పాపమే పాఠం అయితే మనం శానా మంచోళ్ళం అని మా పాప ఇంటికొస్తుంది.

గుంతకల్లు_రిటైర్డ్_హెచ్‌ఎం:

కడప తమ్ముడు సరైన చోట పట్టుకున్నాడు. మన దగ్గర కాగితం లేక కాదు, ఉన్న కాగితం ఆ వేరే గ్లాసుకు వ్యతిరేకంగా ఉంది. అదే చూపించాలి. మన జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి కదా, బావులు, రోడ్లు లాంటి చోట్ల దళితులను అడ్డుకోకూడదని 1938లోనే అక్కడ చట్టం వచ్చింది. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అదే 1950లో దక్షిణాఫ్రికా మనుషులను జాతివారీగా రిజిస్టరు చేసే చట్టం, ఏ జాతివాళ్ళు ఎక్కడ ఉండాలో చెప్పే చట్టం తెచ్చింది. 1955 జూన్‌లో మన దగ్గర అంటరానితనం నేరాల చట్టం అమల్లోకి వచ్చింది, డిసెంబర్‌లో అమెరికాలో రోసా పార్క్స్ అరెస్టు. అంటే అక్కడ చట్టమే వేరు చేసింది, ఇక్కడ చట్టం వద్దన్నా గ్లాసు చూరులోనే ఉంది. రెండు వరసలు ప్యానెల్ మీద గీసి, ఏది తీసేయడం కష్టం అని తొమ్మిదో తరగతిని అడగండి. నాకు మాత్రం రెండోదే కష్టమనిపిస్తుంది. రద్దు చేయడానికి అక్కడ ఒక రూలు ఉంది, ఇక్కడ దేన్ని రద్దు చేస్తాం?

ఆర్టీసీ సీటు సంగతి. పిల్లలనే బస్సులోకి పంపండి. ఆడమనిషి వెనక సీట్లో కూర్చుంటే కండక్టరు ముందుకు తోలతాడా? తోలడు. మాంట్‌గొమరీలో నల్లవాళ్ళు చాలాసార్లు ముందు డోరు దగ్గర డబ్బు కట్టి, కిందికి దిగి, వెనక డోరులో ఎక్కాలి. ఎక్కేలోపు బస్సు కదిలిపోయిన రోజులూ ఉన్నాయి. ఒకరికి చోటు ఉంచడం, ఒకరిని అక్కడే ఉంచడం. ఈ తేడా వాళ్ళే చెప్పుకుంటారు. ఆ తర్వాత ప్రశ్న రిజర్వేషన్ల మీదే వస్తుంది, నాకు ప్రతిసారీ వచ్చింది. రాజ్యాంగం పుస్తకం చేతిలో పెట్టుకుని వెళ్ళండి.

తలలు ఒక బెంచీ వైపు తిరుగుతాయన్న భయానికి నాకు తెలిసిన మందు, ఒకే ప్రశ్నపత్రాన్ని అన్ని ఇళ్ళకూ పంపడం. "మీరు చదువుకునేటప్పుడు బడిలో ఎక్కడ కూర్చునేవాళ్ళు? నీళ్ళు ఎక్కడ తాగేవాళ్ళు? టీ హోటల్లో గ్లాసులు ఎన్ని రకాలు?" అవ్వనో తాతనో అడగాలి, ఇష్టముంటేనే. క్లాసులో "మీ ఇంట్లో ఎట్లా" అని ఎవర్నీ లేపొద్దు. గ్లాసు చూరులో పెట్టిన తాత జవాబూ వస్తుంది, అందులో తాగిన తాత జవాబూ వస్తుంది. పేర్లు లేకుండా మీరే టైపు చేసి ప్యానెల్ మీద వేయండి. అప్పుడు చూడాల్సింది స్క్రీన్ వైపే.

ఇంకొక్కటి. 1960 ఒక్క ఏడాదిని తీసుకోండి. జనవరి 11న మీ జిల్లా పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు, ఈ దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు. ఫిబ్రవరి 1న అమెరికాలో గ్రీన్స్‌బరోలో నలుగురు కాలేజీ కుర్రాళ్ళు తెల్లవాళ్ళ టిఫిన్ కౌంటరు దగ్గర కూర్చుని లేవలేదు. మార్చి 21న దక్షిణాఫ్రికా షార్ప్‌విల్‌లో, నల్లవాళ్ళు వెంట ఉంచుకోవాల్సిన పాస్ పుస్తకాల మీద నిరసన చేస్తున్నవాళ్ళను పోలీసులు కాల్చారు, 69 మంది చనిపోయారు. నవంబర్ 14న న్యూఆర్లీన్స్‌లో ఆరేళ్ళ నల్లజాతి పిల్ల రూబీ బ్రిడ్జెస్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసు అధికారులు) మధ్య తెల్లవాళ్ళ బడికి నడిచింది. తెల్లవాళ్ళు పిల్లలను మాన్పించేస్తే ఆ ఏడాదంతా క్లాసులో ఆ పిల్ల, ఒక టీచరమ్మ, అంతే. పన్నెండు నెలల గళ్ళు గీసి ట్యాబులో అతికించమనండి. మధ్యలో వచ్చిన పిల్లాడికి వెనకటి పాఠంతో పని లేదు.

పత్తికొండ_సోషల్_టీచర్:

సార్, 1960 గళ్ళు బాగా నచ్చాయి, దాంతోనే ముగిస్తాను. ప్రశ్నపత్రానికి మా హెచ్‌ఎం గారిని అడిగాను. మొదట తటపటాయించారు, పేర్లు ఉండవు, వాయిస్ రికార్డింగులు ఏ గ్రూపులోనూ పెట్టనని చెప్తే సరేనన్నారు. కడప తమ్ముడూ, మీ నాయన వాళ్ళ గ్లాసు సంగతి ఊరు పేరు లేకుండా మా ప్యానెల్ మీద వేయొచ్చా?

ప్రొద్దుటూరు సార్, గ్రీన్ బుక్ పేజీలు ప్యానెల్ మీద జూమ్ చేస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఏం చేయాలి?

కడప_మెడికల్_షాపు:

వేయండక్కా. మా నాయనతో మాట్లాడి ఇంకా ఏమన్నా గుర్తుంటే రాసి పంపిస్తా.

ప్రొద్దుటూరు_కంప్యూటర్_సార్:

స్క్రీన్‌షాట్ తీసినట్టున్నారు మేడం. లైబ్రరీ పేజీలోనే డౌన్‌లోడ్ అని ఉంటుంది, అందులో అన్నిటికంటే పెద్ద సైజు తీసుకోండి. ఇంటి దగ్గర వైఫై ఉన్నప్పుడు దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళండి. ఒక్కో ఊరి పేజీ విడివిడి ఫొటోగా పెట్టుకుంటే ట్యాబుల్లోకి పంపడం కూడా సులువు.